పెట్టెలో పెళ్లికూతురు

పడవ నడి ఏట్లో ఉండగానే అవతలి ఒడ్డు నుంచి డప్పు వినిపించిందనీ, అది పెళ్లి డప్పు కాదని తెలిసి వెంకటి గడ వేయడం ఆపేశాడనీ పోయిన వారం చెప్పుకున్నాం. అహరోనును ఆ నీళ్ల మీదనే వదిలి వచ్చాం. పడవ ఎంతసేపని ఆగుతుంది? ఒడ్డుకు చేరక తప్పదు.

అహరోను ఎవరో మరిచిపోయినవాళ్లకు రెండు మాటలు. లక్షెట్టిపేటలో ఉంటాడు. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు తన దేశానికి వెళ్లిపోతూ ఒక మిషన్ దొర ఇచ్చిన పెట్టె కెమెరా, మూడు కాళ్ల స్టాండు, ఇవే అతని పొలమూ పుట్రా. గోదావరికి ఇటు కరీంనగరం జిల్లా, అటు ఆదిలాబాదు జిల్లా. రెండు వైపులా ఎవరింట్లో ప్రదానం, అంటే పెళ్లి ఖాయం చేసుకునే వేడుక, జరిగినా అతనికి కబురు వెళుతుంది. అతను తీసే జోడు పటం ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. పద్మశాలీల ఇళ్లలో ప్రదానమైనాక లగ్గం దాకా పిల్లనూ పిలగాడినీ ఒకచోట నిలబెట్టరు. కానీ ఇద్దరూ ఉన్న పటం మాత్రం అందరికీ కావాలి. దానికి అహరోను ఒక ఉపాయం పట్టాడు. గాజు పలకలో సగాన్ని నల్ల అట్టతో మూసి, పిల్లను వాళ్ల ఊళ్లో తీస్తాడు. అదే పలకను భద్రంగా మోసుకుపోయి, ఈసారి పిల్ల ఉన్న సగాన్ని మూసి, పిలగాడిని వాళ్ల ఊళ్లో తీస్తాడు. కడిగి చూస్తే ఇద్దరూ ఒకే గాలిలో పక్కపక్కన నిలబడి ఉంటారు.

ఇంట్లో గోడ ముందు తీస్తే ఆ ఇంటి గోడా ఈ ఇంటి గోడా కలవవు. అందుకని బయట తీస్తాడు. నది ఉన్నచోట నదినే వెనక పెట్టుకుంటాడు. ధర్మపురి దగ్గర గోదావరి దక్షిణానికి తిరుగుతుంది. ఇవతలి ఒడ్డున నీళ్లకు వీపు పెట్టి నిలబడితే సాయంత్రపు ఎండ ముఖాన పడుతుంది, అవతలి ఒడ్డున పొద్దుటి ఎండ పడుతుంది. నిన్న సాయంత్రం ధర్మపురి ఇసుకలో పర్శరాములు కూతురు బాలలక్ష్మిని నిలబెట్టి సగం పలక నింపాడు. మిగిలిన సగం అవతలి ఒడ్డున పాతగూడెంలో ఉన్న కైలాసానిది. కైలాసం భీవండిలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతాడు. ప్రదానం కోసం సెలవు పెట్టి వచ్చాడు.

వెంకటి పడవను ఇసుకలోకి దూర్చాడు. ఒడ్డున బిందె ముంచుతున్న ఒక ముసలామె అహరోను భుజం మీది స్టాండును చూసింది.

"ఎవలింటికి నాయినా?"

"సక్కుబాయక్క ఇంటికి అవ్వా. పిలగాని పటం తీసేదున్నది."

ఆమె చేతిలోంచి బిందె జారింది. అది బుడబుడమంటూ నీళ్ల మీద పోతుంటే ఆమె దానివంక చూడలేదు.

"ఇంకేం పటం బిడ్డా! కైలాసం పొద్దు వొడవకముందే పాయె. గత్తర. రాత్రి కక్కుడు వట్టిండు. తెల్లారెవరకు ఎండిన బాయి లెక్క అయిండు పోరడు."

కలరా అని అర్థం కాగానే వెంకటి గడ మీద గడ్డం ఆనించాడు. తర్వాత, "పర్శరాములన్నకు చెప్పాలె గదనే. నిన్ననే ఆ ఇంట్ల గారెల వాసన. ఎట్ల చెప్పుదు? ఏ నోటితోని చెప్పుదు?" అని తనలో తనే అనుకుంటూ పడవ తిప్పుకుపోయాడు. అహరోను కూడా ఆ పడవలోనే వెళ్లిపోయి ఉండవచ్చు. కానీ చావు కబురు విన్న మనిషి చావింటి గడప చూడకుండా వెనక్కి తిరగడం ఆ ప్రాంతంలో ఏ మతంవాడూ చెయ్యడు. అతను పెట్టెను గుండెకు ఆనించుకొని ఇసుక ఎక్కాడు.

సక్కుబాయి ఇంటి అరుగు మీద మగ్గానికి సగం నేసిన చీర అలాగే ఉంది. వాకిట్లో పందిరి కంబానికి చేరగిలబెట్టి కైలాసాన్ని కూర్చోబెట్టారు. స్నానం చేయించి, ప్రదానం కోసం కొన్న తెల్ల ధోవతే కట్టారు. పక్కన రాగి చెంబులో ఒక జిల్లేడు కొమ్మ నిలబెట్టి దానికి పసుపు గుడ్డ చుట్టారు. పెళ్లికాని మగవాడు పోతే మట్టి చేసేముందు జిల్లేడుకు పుస్తె కట్టించి పంపాలి. లేకపోతే పెళ్లి కోసం వాడి ప్రాణం ఇంటిచుట్టే తిరుగుతుందంటారు. ఆ చెంబు దగ్గర సక్కుబాయి అన్న అంబదాస్ తొందరపడుతున్నాడు. కులంలో పెద్ద మనిషి. చెన్నూరు వైపు చాలాకాలం వ్యాపారం చేసి మరాఠీ మాటలు కలుపుకున్నాడు.

"జల్ది కానియ్యుండ్రి. గత్తర పీనుగను పొద్దెక్కేదాంక ఉంచొద్దు. బాయీ, నువ్వు జర లే. పోరని చెయ్యి వట్టి పసుపుతాడు కట్టియ్యాలె."

సక్కుబాయి లేవలేదు. ఏడవడం కూడా లేదు. కొడుకు పక్కన కూర్చొని కొంగు చివరతో అతని ముఖం మీద ఈగలు తోలుతోంది. చంటిపిల్లవాడు నిద్రపోతున్నప్పుడు తోలినట్టు, చప్పుడు కాకుండా. అంతలో తలెత్తి వాకిలి బయట నిలబడ్డ మూడు కాళ్ల స్టాండును చూసింది.

"వచ్చినవా తమ్మీ," అంది. "పిల్లను తెచ్చినవా?"

దుఃఖానికి ఆమె మతి తప్పిందని అక్కడున్నవాళ్లంతా అనుకున్నారు. ఆమె అన్నది అర్థమైనవాడు అహరోను ఒక్కడే. అతని చేతిలో పెట్టె ఒక్కసారిగా బరువెక్కింది.

ఆమె లేచి నిలబడింది. "అన్నా, జిల్లేడు తీసెయ్యి. నా కొడుకుకు చెట్టుతోని పెండ్లెందుకు? పిల్ల వచ్చింది. గా పెట్టెల ఉన్నది."

"కాయ్ బాయీ! పెట్టెల పిల్లేంది? మతి పాయెనా?"

"మతి మంచిగనే ఉన్నది. పోయినేడు లక్షెట్టిపేటల మన చెల్లె బిడ్డకు పటం దీసిననాడు నేను పక్కపొంటి నిలవడి అంత చూసిన. ఏం జేస్తున్నవ్ తమ్మీ అని అడిగి మరీ తెలుసుకున్న. పిల్లది సగం, పిలగానిది సగం. నిన్న పొద్దుగూకంగ ధర్మపురిల పిల్లను తీసిండు. నా కొడుకు సగం ఇంక ఖాళీగనే ఉన్నది. ఉన్నదా లేదా తమ్మీ? నువ్వే చెప్పు."

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆమె కళ్లు అతని కళ్లలోనే ఉన్నాయి.

"ఉన్నదక్కా," అన్నాడు అహరోను.

అప్పుడు గుంపులో గుసగుస మొదలైంది. "నిజమేనే, ఒక్క పటంల పక్కపక్కన నిలవడితే పెండ్లయినట్టే గద," అని ఒకామె అంది. "పటం ఇంట్ల ఉంటే పిలగాడు ఇంట్ల ఉన్నట్టే," అని ఇంకొకామె. ప్రదానం చీర పెట్టిన తర్వాత ఆ పిల్ల సగం మన మనిషే గదా అని మూడో గొంతు. అంబదాస్ చెంబులోని జిల్లేడు కొమ్మ వంకా, పెట్టె వంకా మార్చి మార్చి చూశాడు. చెల్లెలు తెల్లారినప్పటి నుంచి మొదటిసారి లేచి నిలబడింది. దాంతో ఆయన మనసు కూడా అటే వాలింది.

"తీసెయ్యి అహరోను. దాని కడుపు చల్లగయితది," అన్నాడు.

"ఈడ గాదు," అంది సక్కుబాయి వెంటనే. "ఏటి ఒడ్డున. నీళ్లు కలవాలె గద తమ్మీ? పిల్ల ఎనుక నీళ్లున్నయి. వీని ఎనుక గూడ అవే నీళ్లుండాలె."

ఆమెకు పని అంతా తెలుసు. అందుకే అహరోనుకు భయం వేసింది.

బడి పంతులు ఇంటి నుంచి చేతుల కుర్చీ ఒకటి ముందురోజే అడిగి తెచ్చిపెట్టుకున్నారు, పటం కోసం. ఇప్పుడు ఆ కుర్చీ పాడె వెనకాలే ఏటికి వచ్చింది. జిల్లేడు చెంబు కూడా వచ్చింది, ఎందుకైనా మంచిదని అంబదాస్ వదిలిపెట్టలేదు. డప్పు ముందు, పాడె వెనక, ఆ వెనక కుర్చీ నెత్తిన పెట్టుకున్న మనిషి, అందరికంటే వెనక అహరోను. ఇసుకలో అడుగులు కూరుకుపోతుంటే అతనికి బాసర బాలవ్వ గుర్తుకొచ్చింది.

అహరోను తిరగని తిరునాళ్ల లేదు. కొండగట్టు మీద కోతి అతని నల్లగుడ్డ ఎత్తుకుపోయి గోపురమెక్కి కూర్చుంటే, పెళ్లివాళ్లంతా పటం మాట మరిచి కోతికి అరటిపళ్లు చూపెడుతూ పూటంతా గడిపారు. అట్లాంటివి తలుచుకుంటే నడక తెలియదు. బాలవ్వ మాత్రం అట్లా తలుచుకునే మనిషి కాదు. నిర్మల్ దగ్గరి పల్లెలో ఆమెకూ ఒక పిలగాడికీ ఇట్లాగే జోడు పటం తీశాడు. లగ్గం రాకముందే ఆ పిలగాడు ఈతచెట్టు మీది నుంచి పడి పోయాడు. పిలగాని ఇంటివాళ్లు ఆ పటాన్ని దేవుని గూట్లో పెట్టి బొట్టు పెట్టారు. వాళ్ల దుఃఖం వాళ్లది. కానీ బాలవ్వకు సంబంధం అని ఎవరైనా వస్తే, ముందు ఆ పిలగాని ఇంటికే తెలిసేది. "చూడుండ్రి, మా కోడలు," అని పటం చూపించేవాళ్లు. వచ్చినవాళ్లు నీళ్లు కూడా తాగకుండా లేచిపోయేవాళ్లు. మొగుడు లేకుండానే ముండమోసింది ఆ పిల్ల.

పోయిన సంక్రాంతి దాటాక ఎవరో పిల్లవాడి అక్షరాభ్యాసం పటానికి అతను బాసర పోయాడు. గుడి బయట పలకలూ బలపాలూ అమ్ముతున్న మనిషి పలకరించింది. బాలవ్వ. నవ్వుతూనే అడిగింది.

"ఫోటన్నా, పలక మీద గీత తప్పు వోతే తడిచేత్తోటి తుడిస్తె పోతది. పటంల నన్నొక్కదాన్ని తుడవరాదా?"

అతను ఒక పలక కొన్నాడు. ఇంట్లో చదువుకునే పిల్లలెవరూ లేరు.

ఇసుకలో కుర్చీ వేశారు. కైలాసాన్ని కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా ఉత్తరీయాన్ని ఛాతీ చుట్టూ తిప్పి వీపు వెనక ముడి వేశారు. సక్కుబాయి కొడుకు ఎదుట గొంతుకూర్చుని తల దువ్వింది. భీవండి నుంచి వచ్చినప్పుడు పాపిడి ఎటు తీసుకున్నాడో గుర్తుచేసుకుని అటే తీసింది.

అహరోను స్టాండు పాతాడు. చేతులు వాటంతట అవే పని చేస్తున్నాయి. నల్లగుడ్డలోకి తల దూర్చాడు. ఆ పెట్టెలో ఏదైనా తలకిందులుగానే కనిపిస్తుంది. పైన ఇసుక, కింద ఆకాశం. నడుమ కైలాసం కుర్చీతో సహా వేలాడుతూ ఉన్నాడు. ఆ పక్కన ఖాళీ. ఆ ఖాళీలోకి నిన్నటి పిల్ల వచ్చి నిలబడుతుంది. ఆకుపచ్చ అంచు చీర కట్టుకుని, గాలికి కొంగు ఎగరకుండా పిడికిట్లో పట్టుకుని. "కదలొద్దు చెల్లె," అంటే ఊపిరి కూడా బిగపట్టిన పిల్ల. ఆ పిల్ల ఒప్పుకున్నది ఒక మనిషి పక్కన నిలబడడానికి.

గుడ్డలోపలే అతను నిర్ణయించుకున్నాడు.

గాజు పలక ఉన్న చెక్క చట్రాన్ని కెమెరా వెనక దూర్చాడు. ఆ చట్రానికి ఒక మూత ఉంటుంది. దాన్ని పైకి లాగితే తప్ప పలకకు వెలుగు తగలదు. అహరోను మూత లాగలేదు. ముందుకొచ్చి కెమెరా అద్దం మీది టోపీ తీశాడు. తనలో తాను అంకెలు లెక్కపెట్టినట్టు పెదవులు కదిపి టోపీ పెట్టేశాడు.

"అయిపోయిందక్కా."

సక్కుబాయి కదలలేదు.

"మూత గుంజలే నువ్వు," అంది.

డప్పు కొట్టేవాడు చెయ్యి ఆపాడు.

"మా చెల్లె బిడ్డకు తీసిననాడు సర్రుమని గుంజినవ్. ఆ చప్పుడు నాకు యాదికున్నది. మగ్గం మీద నాడె ఇటునుంచి అటు ఉరికినట్టుంటది. ఇప్పుడు ఆ చప్పుడు రాలే. నన్నే మోసం జేస్తవా తమ్మీ? నా కొడుకు పీనుగ ముంగట?"

అంబదాస్ ముఖం నల్లబడింది. "అరె కిరస్తానపోడా! మా కడుపుకోత నీకు ఆటయిందా? తీస్తె తియ్యి. లేకుంటె పెట్టె ఈడ పెట్టి పో. తియ్యడానికి ఇంకొకన్ని తెస్తం."

ఇద్దరు మనుషులు ముందుకు వచ్చారు. అహరోను చట్రాన్ని కెమెరాలోంచి తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. అతను గట్టిగా మాట్లాడే మనిషి కాడు. చర్చిలో పాట పాడేటప్పుడు కూడా పక్కవాడికి వినబడదు. ఇప్పుడూ గొంతు పెంచలేదు.

"గుంజనక్కా. గుంజలేను. నన్ను కొట్టుండ్రి. గుంజలేను."

"ఎందుకు?"

"నేను మూత గుంజినంక ఆ పిల్ల పెండ్లిపిల్ల గాదు. రేపు ఇంకొకలు అడుగవస్తరు. ఈ పటం చూసి పోతరు. ఆమె పేరు జెప్పినప్పుడల్లా నీ కొడుకు కుర్చీల కూసోని ఉంటడు." అతను బాలవ్వ సంగతి చెప్పాడు. పలకలు అమ్ముతూ ఆమె అడిగిన మాట కూడా చెప్పాడు.

సక్కుబాయి అంతా విన్నది. విని, "అయితే ఏంది?" అంది.

ఆ మాట ఎంత మామూలుగా వచ్చిందంటే, కొందరు ఆడవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు.

"అయితే ఏంది తమ్మీ? నేను బతుకలేదా? కైలాసం కడుపుల ఉండంగనే వీని బాపు పాయె. అప్పటిసంది బొట్టు లేదు, పువ్వు లేదు. ఎవలింట్ల శుభమైనా ఎనుక దర్వాజ కాడ నిలవడ్డ. నూలు కండెలు సుట్టి సుట్టి వీన్ని సాదుకున్న. ఆ పిల్ల ఎందుకు బతుకది? నా ఇంటికొస్తది. నా కంచంల తింటది. ఇద్దరం కండెలు సుట్టుకుంట వీని ముచ్చట చెప్పుకుంటం. గంత పెద్ద ఇంట్ల నేనొక్కదాన్నే ఎట్లుందు తమ్మీ? పొద్దుగూకితే ఎవలతోని మాట్లాడుదు?"

తెల్లవారినప్పటి నుంచి ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే చేతులు చాచి నిలబడింది, బిడ్డను అడిగినట్టు.

అహరోను చట్రం ఇవ్వలేదు. "నీకు కైలాసం ఉండె అక్కా. రాత్రి ఏడ్చినా నీ పక్కల పిల్లగాడు ఉండె. ఆమెకు ఎవలుంటరు? పటముంటది. గంతే."

ఏటి మీద కొంగలు లేచి మళ్లీ అక్కడే వాలాయి. అంబదాస్ నోరు తెరవబోతే సక్కుబాయి చెయ్యి ఎత్తి ఆపింది. ఆమె అహరోను దగ్గరికి వచ్చి అతని చేతిలోని చట్రం మీద అరచెయ్యి ఆనించింది. ఎండకు చెక్క వెచ్చగా ఉంది.

"ఇందులనేనా ఉన్నది?"

"ఇందులనే."

"నేను ఆ పిల్లను చూడలే. ప్రదానం నాడు ముండమోసినదాన్నని నన్ను వెనుకనే కూసోవెట్టిండ్రు. చీర అంచు కనవడ్డది, చేతులు కనవడ్డయి. మొఖం కనవడలే. ఒక్కసారి చూపెట్టు తమ్మీ."

"తెరిస్తె పోతదక్కా. ఇంక కడగలే. వెలుగు తగిలితె అందులున్న పిల్ల ఉండదు."

సక్కుబాయి ఆ మాటను నెమ్మదిగా లోపలికి తీసుకుంది. కొడుకువైపు తిరిగి చూసింది. కుర్చీలో కైలాసం తల కొంచెం పక్కకు వాలి ఉంది, తల్లి మాట వింటున్నట్టు.

"ఉండకుంటె మంచిదే గద," అంది. "నేను జూస్త. అది పోతది. ఎవల ఇంటికి వాళ్లు పోతరు."

అహరోను చట్రం ఇచ్చాడు. ఎలా పట్టుకోవాలో చెప్పబోయాడు కానీ ఆమె వేళ్లకు తెలుసు. ఆమె మూతను సర్రున లాగింది. నిజంగానే అది నాడె ఉరికిన చప్పుడే.

పొద్దుటి ఎండ పలక మీద పడింది. లోపల ఏమీ లేదు. మీగడ రంగులో ఒక వట్టి పలక. గీత లేదు, నీడ లేదు. అంబదాస్ వంగి చూసి, "ఏది? ఏమున్నది ఇందుల?" అన్నాడు. వెనకవాళ్లు కాళ్ల మునివేళ్ల మీద లేచారు. ఎవరికీ ఏమీ కనిపించలేదు.

సక్కుబాయి మాత్రం తల ఎత్తలేదు. పలకను ముఖానికి దగ్గరగా పట్టుకుని, ఎండ పడేటట్టు కొంచెం తిప్పి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. కొత్తకోడలి గడ్డం పట్టుకుని చూసే అత్త అంతసేపూ చూస్తుంది. నిన్నటి సాయంత్రం, ఇసుక, పిడికిట్లో పట్టుకున్న కొంగు, ఊపిరి బిగబట్టిన ముఖం, అన్నీ ఆమె చూస్తుండగానే ఎండలో కలిసిపోతున్నాయని అహరోనుకు తెలుసు. ఆపాలనిపించలేదు.

"సక్కగున్నది పిల్ల," అంది సక్కుబాయి.

పలకను చట్రంతో సహా అహరోను చేతిలో పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "అన్నా, చెంబు తే," అంది. "కానియ్యుండ్రి. వానికి ఎండ తగులుతున్నది."

అహరోను ఇసుకలో చతికిలబడ్డాడు. ఒక పిల్లను బతికించానని అనుకున్నాడు. అనుకున్నాడే కానీ సంతోషం రాలేదు. ఏట్లో ముంచి తీసినట్టు ఒళ్లంతా చల్లగా ఉంది.

కుర్చీలోంచి కైలాసాన్ని దించి మళ్లీ పాడె మీద పడుకోబెట్టారు. అంబదాస్ జిల్లేడు కొమ్మను అతని ఎడమపక్కన నిలబెట్టాడు. కొమ్మకు గాజులు తొడిగారు. నిలవక జారిపోతుంటే ఒకామె దారంతో కట్టింది. పసుపుతాడుకు పసుపుకొమ్ము ముడివేసి, బిగుసుకుపోయిన వేళ్ల మధ్య పెట్టడానికి అంబదాస్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. తాడు నిలవడం లేదు. "పట్టు బిడ్డా, జర పట్టు," అని మేనల్లుడిని బతిమాలుతున్నాడు. అంతవరకూ గట్టిగా ఉన్న మనిషి ఆ మాటతో వలవలా ఏడ్చేశాడు.

అప్పుడే ఎవరో, "పడవొస్తున్నది," అన్నారు.

వెంకటి పడవ. ముందు కొసన పర్శరాములు నిలబడి ఉన్నాడు, నెత్తిన తువ్వాల లేకుండా. అతని వెనక ఒక ఆడమనిషి. పడవ ఇంకా ఒడ్డు తాకలేదు, ఆమె నీళ్లలోకి దూకింది. మోకాలి లోతు నీళ్లను కాళ్లతో తోసుకుంటూ వస్తోంది. "బిడ్డా, ఆగు! నా మాటిను, ఆగు!" అని పర్శరాములు వెనక నుంచి అరుస్తున్నాడు. కాబోయే పెళ్లికూతురు చావింటికి రావడం ఎవరూ ఎరగరు. ఆడవాళ్లు నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

అహరోను లేచి ఎదురు వెళ్లాడు. "చెల్లె, నువ్వు ఈడికి రావద్దు. పలక పోయింది. పటం లేదు. నీకేం గాదు, ఇంటికి వో," అన్నాడు గబగబా. ఆ మాటలే ఆమెకు ధైర్యం ఇస్తాయని అతని ఆశ.

బాలలక్ష్మి అతని ముఖంలోకి చూసింది. అతని చేతిలో మూతలేని చట్రాన్ని చూసింది.

"నన్ను తీసేసిండ్రా అన్నా?" అంది. "నన్నడగకుంటనే?"

ఆమె అతన్ని దాటి నడిచింది. తడిచీర ఇసుకను ఈడ్చుకుపోతుంటే జనం దారి ఇచ్చారు. సక్కుబాయి తలెత్తింది. ఇందాక వట్టి పలకలో చూసిన ముఖం ఎదుటికొచ్చి నిలబడితే గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు.

బాలలక్ష్మి పాడె పక్కన మోకాళ్ల మీద కూలబడింది. కైలాసం వేళ్ల మధ్య నుంచి పసుపుతాడును మెల్లగా తీసి ఇసుకలో పెట్టింది. తర్వాత తన మెడ దగ్గరి కొంగును తొలగించి, రవిక లోపలి నుంచి ఇంకొక తాడును బయటికి లాగింది. పసుపు వెలిసి, చెమటకు నల్లబడిన పాతతాడు. దానికి చిన్న పుస్తె.

"ఆ కొమ్మ తీసెయ్యుండ్రి మామా," అంది అంబదాసుతో. "ఇది ఈయన భీవండి పోకముందు కట్టిందే. పెండ్లయినోనికి జిల్లేడెందుకు?"